చేపల ఉత్పత్తి పెంచడానికి ఏ దారి మేలు? వల, చెరువు, పంజరం, నాచు: ఒక పోలిక

2022లో ఒక పాత లెక్క తారుమారైంది. వలేసి పట్టిన చేపల కన్నా పెంచిన చేపలు ఎక్కువయ్యాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) లెక్క ప్రకారం ఆ ఏడాది చేపలు, రొయ్యలు, ఆల్చిప్పలు అన్నీ కలిపి సాగులో 9.44 కోట్ల టన్నులు వస్తే, వేటలో 9.1 కోట్ల టన్నులు వచ్చాయి. ఇది విని వర్ధమాన దేశాలన్నీ చేపల చెరువులతో కళకళలాడుతున్నాయనుకుంటే పొరపాటే. ప్రపంచ సాగులో దాదాపు 90 శాతం పది దేశాలదే. ఆఫ్రికా ఖండమంతా కలిపినా 2 శాతం చుట్టుపక్కలే.

వర్ధమాన దేశాల్లో చేపల ప్రణాళిక రాయడానికి ఎవరు కూర్చున్నా ఎదురయ్యే చిక్కు ఒకటే. చెరువులు తవ్వించాలా, సరస్సులో పంజరాలు దించాలా, రొయ్యలు పెంచి ఎగుమతి చేయాలా, తాళ్లకు సముద్రపు నాచు కట్టి పెంచాలా, లేక ఉన్న వేటనే బాగుచేసుకోవాలా? ప్రతిదానికీ ఒక విజయగాథ చూపించేవారు ఉంటారు. అందులో చెప్పకుండా దాటేసిన సంగతుల దగ్గరే నేను ఎక్కువసేపు ఆగుతాను.

ముందు ఏం చూడాలి

అందరూ మొదట అడిగేది "హెక్టారుకు ఎన్ని టన్నులు?" అని. నా జాబితాలో అది చివరి ప్రశ్న. దానికన్నా ముందు నాలుగున్నాయి.

ఒకటి, మేత ఎక్కడి నుంచి వస్తుంది? గట్టిగా మేపే సాగులో ఖర్చులో సగం నుంచి 70 శాతం దాకా మేతకే పోతుంది. ఆ మేతలో చేపపొడి ఉంటే, అది ఎవరి చేప అన్నదీ అడగాలి. పశ్చిమ ఆఫ్రికా తీరంలో సెనెగల్, గాంబియా, మౌరిటానియా దేశాల్లో జనం తినే సార్డినెల్లా చేపలే ఫిష్‌మీల్ ఫ్యాక్టరీలకు వెళ్లి, పొడిగా మారి, ఎక్కడో పెంచే చేపలకు మేతవుతున్నాయి. ఒక చోట ఉత్పత్తి పెరిగిందని రాసుకున్న లెక్క, ఇంకో చోట కంచం ఖాళీ అయిన లెక్క కావచ్చు.

రెండు, చెడ్డ ఏడాదిలో ఏం మిగులుతుంది? వాన సరిగా పడలేదు, జబ్బొచ్చింది, ధర పడిపోయింది. ఎరువుతో నడిచే చిన్న చెరువైతే దిగుబడి తగ్గుతుంది. అప్పు తెచ్చి మేపిన పంజరమైతే ఒక్క రాత్రిలో మొత్తం పోతుంది, అప్పు మాత్రం ఉంటుంది. నన్నడిగితే ఎంపికలో సగం బరువు ఈ ప్రశ్నదే.

మూడు, ఆ చేప చివరికి ఎవరి కంచంలోకి చేరుతుంది? ఎగుమతి తప్పేమీ కాదు, డాలర్లూ అవసరమే. కానీ "పోషకాహారం" పేరుతో డబ్బు తెచ్చి రొయ్యలు పెంచి ఓడలకెక్కిస్తే, ఆ పథకం పేరు మార్చుకోవాలి.

నాలుగు, వెనక ఏముంది? మంచి చేపపిల్లలు, కరెంటు, ఐస్, రోడ్డు, జబ్బు పరీక్షించే ల్యాబ్. సాగు విస్తరించకుండా ఆగిపోయిన చాలా చోట్ల లోపం చెరువులో కాదు, వీటిలో కనిపిస్తుంది.

తొందరలో ఉన్నవారికి పట్టిక:

| దారి | మేత | చెడ్డ ఏడాదిలో | చేప ఎవరికి | ఇది లేకపోతే నడవదు |
|---|---|---|---|---|
| వేటను బాగుచేయడం | అక్కర్లేదు | పట్టుబడి తగ్గుతుంది | ఎక్కువగా స్థానికులకే | ఊరి కట్టుబాటు, ఐస్ |
| చిన్న చెరువులు, వరి చేలు | నీటిలో పుట్టే పాచి, తవుడు | దిగుబడి తగ్గుతుంది | ఇంటికి, దగ్గర సంతకు | వేళకు చేపపిల్లలు |
| తిలాపియా, పంగస్ చెరువులు | కొన్న మేత | నష్టం పెద్దది, కోలుకోవచ్చు | పట్టణాలకు, కొంత ఎగుమతికి | మేత మిల్లు, మంచి రకం |
| సరస్సులో పంజరాలు | పూర్తిగా కొన్న మేత | ఒక్క రాత్రిలో మొత్తం పోవచ్చు | పట్టణాలకు | సరస్సంతటికీ ఒక లెక్క |
| రొయ్యలు | కొన్న మేత, చేపపొడితో | జబ్బొస్తే చెరువంతా పోతుంది | ఎగుమతికి | ల్యాబ్, కొనేవాడు |
| నాచు | అక్కర్లేదు | కుళ్లు, ధర పతనం | పరిశ్రమకు | నికరంగా కొనేవాళ్లు |
| ఆల్చిప్పలు | అక్కర్లేదు | అమ్మకం ఆగిపోతుంది | స్థానికులకు, ఎగుమతికి | శుభ్రమైన నీరు, విషపరీక్ష |

వేటను బాగుచేయడం

"ఉత్పత్తి పెంపు" అనగానే ఎవరికీ గుర్తురాని దారి ఇది. ప్రారంభోత్సవానికి రిబ్బన్ కట్టడానికి ఏమీ ఉండదు కదా. కానీ ప్రపంచంలో పట్టిన, పెంచిన చేపల్లో మూడో వంతు దాకా కంచం చేరకముందే పాడైపోతుందనో, వృథా అవుతుందనో ఎఫ్‌ఏఓ అంచనా. కొత్తగా ఒక్క చేప పట్టకుండానే ఎంత చేప దొరుకుతుందో లెక్కేసుకోండి. బురుండీలో టాంగన్యీకా సరస్సు ఒడ్డున చిన్న చేపల్ని ఇసుక మీద ఆరబోసేవారు. వాన పడితే కుళ్లు, పడకపోతే ఇసుక. నేలకు ఎత్తుగా వల పరిచిన బల్లలు వచ్చాక నష్టం తగ్గి, సరుకు శుభ్రంగా ఉండి ధరా పెరిగింది.

రెండో పని, చేపకు ఊపిరి తీసుకునే సమయం ఇవ్వడం. మడగాస్కర్ నైరుతి తీరంలో ఆండవాడోకా అనే ఊరు 2004లో ఆక్టోపస్ వేటను తమ పగడపు దిబ్బల్లో ఒకచోట కొన్ని నెలలు ఆపింది. ఆక్టోపస్ చాలా వేగంగా బరువెక్కుతుంది కాబట్టి ఫలితం ఆ సీజన్‌లోనే కళ్లబడింది, పక్క ఊళ్లూ అదే బాట పట్టాయి. కంబోడియాలో ఎండాకాలం వరి చేలు ఎండినప్పుడు తల్లి చేపలు బతకడానికి ఊరికో చెరువును వేట లేకుండా వదిలేస్తారు. వాన పడగానే అవి చేలలోకి ఈదుకెళ్లి పిల్లలు పెడతాయి. బంగ్లాదేశ్ పులస పిల్లల్ని పట్టవద్దని నిషేధం పెట్టి, ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు బియ్యం ఇస్తుంది. బియ్యం లేని నిషేధం కాగితం మీదే ఉంటుంది. ఆకలి కడుపుతో ఉన్నవాడు వల పక్కన పెట్టడు.

పరిమితి కూడా స్పష్టమే. ప్రపంచ సముద్ర చేపల నిల్వల్లో 2021 నాటికి 62.3 శాతమే నిలదొక్కుకునే స్థాయిలో ఉన్నాయి. కాబట్టి ఇక్కడ "పెంపు" అంటే ఇంకా పడవలు, ఇంకా డీజిల్ సబ్సిడీ అని ఎవరైనా అంటే ఆ సంభాషణ అక్కడే ఆపేయడం మంచిది.

చిన్న చెరువులు, వరి చేలు

మిశ్రమ సాగు సూత్రం తేలికైనది. బొచ్చె పైనీటిలో, రోహు మధ్యలో, మృగాల అడుగున తింటాయి. ఒకదాని తిండికి ఇంకొకటి అడ్డు రాదు. పేడో, ఎరువో వేస్తే పాచి పుడుతుంది, పాచితో చేప పెరుగుతుంది. మేత బిల్లు లేదు కాబట్టి చెడ్డ ఏడాది వస్తే నష్టమూ చిన్నదే.

1980లలో బంగ్లాదేశ్‌లో భారతీయ చేపల శాస్త్రవేత్త మోదడుగు విజయ్ గుప్తా చేసిన పని ఇక్కడ చెప్పుకోవాలి. ఏడాదిలో కొన్ని నెలలే నీళ్లుండే గుంటలు, రోడ్డు పక్క కాలువలు, గుర్రపుడెక్కతో నిండిన మడుగులు, ఎవరూ లెక్కలోకి తీసుకోని నీళ్లవి. వాటిలో త్వరగా పెరిగే చేపలు వేసి, ఇంట్లో మిగిలే తవుడుతో మేపవచ్చని చూపించారు. చేసినవారిలో పేద ఆడవాళ్లు ఎక్కువ. 2005లో ఆయనకు వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది.

అదే దేశం నుంచి ఇంకో పాఠం. చెరువు సిద్ధం చేసేటప్పుడు మందేసి "కలుపు చేపల్ని" చంపేయడం పాత పద్ధతి. అలా చచ్చేవాటిలో మోలా అనే వేలెడంత చేప ఒకటి. తల, ముల్లు, కళ్లతో సహా తినే చేప కాబట్టి దాని విటమిన్ ఏ, కాల్షియం పెద్ద చేప ముక్కలో ఉండేదానికన్నా ఎన్నో రెట్లు. శకుంతలా తిల్‌స్టెడ్ చేసిన పరిశోధన ఆ కలుపును పంటగా మార్చింది. పెద్ద చేపలతో పాటే చెరువులో మోలా పెంచితే, పెద్దవి సంతకు వెళ్తాయి, మోలా వారం వారం ఇంట్లో కూరలోకి వస్తుంది. 2021లో అదే బహుమతి ఆమెకూ వచ్చింది. టన్నుల లెక్కలో ఈ మోలా కనిపించదు. టన్నుల్నే కొలిచే పథకం దాన్ని మళ్లీ కలుపుగానే చూస్తుంది.

వరి చేలో చేప కూడా ఈ కుటుంబానిదే. చైనాలో ఛింగ్‌థ్యెన్ ప్రాంతంలో వెయ్యేళ్లకు పైగా నడుస్తున్న పద్ధతి ఇది. అక్కడి చేలను చూసి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనం, వరి దిగుబడి తగ్గకుండానే పురుగుమందు 68 శాతం, రసాయన ఎరువు 24 శాతం తక్కువ పట్టాయని తేల్చింది. పురుగును చేప తింటుంది, చేప విసర్జన వరికి ఎరువవుతుంది. అయితే పక్క చేలో మందు కొడితే మీ చేపలు పోతాయి. గట్లు ఎత్తు చేయాలి, కొంగల్ని, దొంగల్ని కాయాలి. కూలీ ఖరీదైన చోట రైతు త్వరగానే విసుగుపడతాడు.

ఈ దారిలో అసలు తలనొప్పి చేపపిల్లలు. వాన పడ్డ రెండు వారాల్లో పిల్ల చెరువులో పడాలి. హేచరీ దూరమై, నెల ఆలస్యమైతే నీళ్లు ఎండేలోగా చేప ఎదగదు. ఒకే తల్లి చేపల్ని ఏళ్ల తరబడి వాడే హేచరీల పిల్లలు పెరగవు కూడా. ఇంకో సంగతి, లీజు. గుంటలో లాభం వస్తోందని తెలియగానే సొంతదారు వెనక్కి అడుగుతాడు. మహిళా సంఘాలతో పనిచేసేవారు చేపకన్నా ముందు అయిదారేళ్ల లీజు కాగితం చూసుకోవాలి.

తిలాపియా, పంగస్: మేపి పెంచే చెరువులు

పట్టణాలకు చవకగా చేప కావాలంటే దీన్ని తప్పించుకోలేం. 1988లో ఫిలిప్పీన్స్‌లో మొదలైన, 'గిఫ్ట్' అనే మేలురకం తిలాపియాను తయారుచేసే కార్యక్రమంలో, బాగా పెరిగిన చేపల్ని ఎంచి జతకట్టించే పాత పద్ధతితోనే అయిదు తరాల్లో పెరుగుదల 80 శాతానికి పైగా మెరుగుపడింది. జన్యుమార్పిడి ఏమీ లేదు. పిల్ల రకం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ వెతకనక్కర్లేదు.

ఈజిప్టు చూడండి. నైలు మంచినీటిని చేపల చెరువులకు ఇవ్వకూడదన్న చట్టం మధ్యే, పొలాల నుంచి వదిలేసిన నీటితో ఆఫ్రికాలో అన్నిటికన్నా పెద్ద చేపల సాగును కట్టుకుంది. చేపలో ఎక్కువ భాగం దేశంలోనే తింటారు. వియత్నాం మెకాంగ్ డెల్టాది వేరే కథ. పంగస్ గాలి కూడా పీల్చుకోగలదు కాబట్టి కిక్కిరిసిన చెరువులోనూ బతుకుతుంది. హెక్టారుకు వందల టన్నులు తీసి, ఏడాదికి పది లక్షల టన్నులు దాటారు. 2003లో అమెరికా, మరీ చవకగా అమ్ముతున్నారంటూ యాంటీ డంపింగ్ సుంకం వేసినప్పుడు ఎగుమతి మీదే నిలబడితే ఏమవుతుందో కూడా వాళ్లే ముందు చూశారు.

తిలాపియా శాకాహారి లాంటిది, చేపపొడి బాగా తక్కువ చాలు. కానీ సోయా, మొక్కజొన్న దిగుమతి చేసుకునే దేశంలో డాలరు పెరిగిన రోజే మేత ధర పెరుగుతుంది. సొంత గింజలతో మేత తయారయ్యే చోటే ఇది నిలుస్తుంది. బయటి నుంచి తెచ్చిన తిలాపియా నదుల్లో పడితే తిరిగి తీయలేం. అది పుట్టిన ఆఫ్రికాలో కూడా స్థానిక రకాలతో కలిసిపోతుందన్న భయంతో గిఫ్ట్‌ను తేవాలా వద్దా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అందుకే ఈజిప్టులో అక్కడి చేపల నుంచే అబ్బాసా రకాన్ని ఎంచి తయారుచేశారు. కొంచెం నెమ్మదైనా నేనైతే ఆ దారే పడతాను.

సరస్సులో పంజరాలు

భూమి కొననక్కర్లేదు, తవ్వనక్కర్లేదు. వలపంజరం దించి, పిల్లలు వేసి, మేపడమే. అంత తేలికగా కనిపించే దీని గురించే నాకు ఎక్కువ టెన్షన్.

లోతైన నీటిలో అడుగు పొర ఆక్సిజన్ లేకుండా ఉంటుంది. గాలివానో, చలిగాలో వచ్చి నీరు తిరగబడితే ఆ నీరు పైకొస్తుంది. బయట ఉన్న చేప పారిపోతుంది. పంజరంలో ఉన్నది ఎక్కడికి పోతుంది? పైగా తినకుండా మిగిలిన మేత, విసర్జన పంజరాల కింద పేరుకుని ఆ అడుగు పొరను ఇంకా చెడగొడతాయి. ఫిలిప్పీన్స్‌లో తాల్ సరస్సులో 2011లో, ఇండోనేషియాలో తోబా సరస్సులో 2016లో, కెన్యా వైపు విక్టోరియా సరస్సులో 2022లో పంజరాల్లో చేపలు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. ఘనాలో వోల్టా సరస్సు పంజరాలను 2018లో వైరస్ దెబ్బతీసింది.

మీరు ఎంత జాగ్రత్తగా మేపినా లాభం లేదు, పక్కవాడి పంజరాలు, అవతలి ఒడ్డు పంజరాలు కలిసి సరస్సు మోయగలిగిన బరువు దాటితే అందరివీ ఒకేసారి పోతాయి. కాబట్టి ఒక్కటే షరతు: సరస్సంతటికీ ఎన్ని టన్నులు అని పరిమితి పెట్టి, దాటినవాటిని తీయించగల అధికారం ఎవరికైనా ఉందా? ఉంటే, నీరు కదిలే చోట, విడివిడిగా, పంజరాలు లాభసాటి. లేకపోతే ముందొచ్చినవాళ్లు సంపాదించుకుంటారు, వెనకొచ్చినవాళ్లు ముక్కు మూసుకుని చచ్చిన చేపల్ని ఎత్తిపోస్తారు.

రొయ్యలు

ఎగుమతి డబ్బు, ఉపాధి రెండూ నిజమే. జబ్బు కూడా అంతే నిజం. 1990లలో తెల్లమచ్చల వైరస్ దేశదేశాల చెరువుల్ని ఖాళీ చేసింది. తర్వాత, పిల్ల రొయ్యల్ని చెరువులో వేసిన కొద్ది వారాలకే చంపేసే ఈఎంఎస్ అనే జబ్బు వచ్చింది. 2012లో థాయ్‌లాండ్ చేరిన ఆ జబ్బుతో 2013లో అక్కడి దిగుబడి దాదాపు సగానికి పడిపోయింది. అనుభవం, ల్యాబ్‌లు, పెట్టుబడి అన్నీ ఉన్న దేశంలోనే ఇలా జరిగింది.

మడ అడవి నరికి చెరువు తవ్వడం లెక్కల్లోనే నష్టం. తుఫాను అడ్డు పోతుంది, సముద్రపు చేపపిల్లల నర్సరీ పోతుంది. వియత్నాంలో కామావ్ ప్రాంతంలో మడ చెట్ల మధ్యే ఆటుపోట్ల నీటితో, మేత వేయకుండా రొయ్యలు పెంచుతారు. హెక్టారుకు ఏడాదికి వచ్చేది కొన్ని వందల కిలోలే. అయితే ఖర్చు స్వల్పం, ఆర్గానిక్ ముద్రతో కొంత ఎక్కువ ధర, పక్కనే పీతలు, చేపలు కూడా. టన్నుల పట్టికలో అడుగున ఉంటుంది, జబ్బొచ్చిన ఏడాది నిద్రపట్టే రైతుల పట్టికలో పైన ఉంటుంది.

నాచు, ఆల్చిప్పలు

మేత లేదు, ఎరువు లేదు, మంచినీరు లేదు. పర్యావరణం కోణంలో వీటికి సాటి లేదు. కానీ నాచు అంకెలు చూసి మోసపోవద్దు. 2022లో ప్రపంచంలో దాదాపు 3.78 కోట్ల టన్నుల నాచు వచ్చిందంటే అది తడి బరువు. ఎండితే చాలా కొద్దే మిగులుతుంది. తూర్పు ఆసియాలో తప్ప ఎక్కువచోట్ల అది తిండి కూడా కాదు, ఆహారపదార్థాలను చిక్కబరచడానికి వాడే క్యారజీనన్ తీసే పరిశ్రమకు ముడిసరుకు.

జాంజిబార్‌లో 1989లో మొదలైన నాచు సాగులో వేల కుటుంబాలున్నాయి, కట్టేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే. సొంత సంపాదన చేతికొచ్చింది. అయితే సముద్రం వేడెక్కేకొద్దీ మంచి ధర పలికే కాటనీ రకం లోతులేని నీటిలో కుళ్లిపోతోంది, తట్టుకునే స్పైనోసమ్‌కు ధర తక్కువ. కొనేవాళ్లు కొద్దిమందే కావడంతో బేరం ఎప్పుడూ వాళ్లదే. ఇంటికి రెండో ఆదాయంగా ఇది బంగారం, ఒక్కటే ఆదాయంగా గండం.

ఆల్చిప్పలు మాత్రం నిజంగా తిండి. నీటిని వడకట్టి అందులోని పాచినే తింటాయి. చిక్కూ అదే, నీటిలో మురుగు ఉంటే అదీ వాటిలో చేరుతుంది. మురుగు కలవని తీరం, విషపు పాచి వచ్చినప్పుడు పసిగట్టి అమ్మకం ఆపే వ్యవస్థ ఉన్నచోటే మొదలుపెట్టాలి.

బయోఫ్లాక్, ఆర్‌ఏఎస్ ట్యాంకుల (సూక్ష్మజీవులతోనో, వడకట్టో అదే నీటిని మళ్లీ మళ్లీ వాడుతూ చేపల్ని కిక్కిరిసి పెంచేవి) గురించి అడిగేవారికి ఒక్క మాట: కరెంటు పోయిన గంటలో చేప చచ్చే పద్ధతి అది. జనరేటర్‌కు ఇంకో జనరేటర్ పెట్టగలిగితే, హేచరీలకు, చేపపిల్లలకు వాడండి. పేదల తిండి చేపకు ఆ ఖర్చు గిట్టదు.

మీరెవరు అన్నదాన్ని బట్టి

ప్రభుత్వ శాఖలో ఉన్నవారైతే చెరువులకు సబ్సిడీ పంచే ముందు మంచి తల్లి చేపల కేంద్రం, జబ్బుల ల్యాబ్, ఐస్ ప్లాంట్ల మీద పెట్టండి. అవి ఉంటే చెరువులు జనమే తవ్వుకుంటారు. పంజరాల లైసెన్సు రాసే కలం మీ చేతిలో ఉంటే, మొదటి లైసెన్సు కన్నా ముందు ఆఖరి లైసెన్సు ఎక్కడో తేల్చండి.

ఊళ్లలో పోషణ కోసం పనిచేసే సంస్థలకు మోలా లాంటి చిన్న చేపలు కలిసిన చెరువులు, ఎండబెట్టే బల్లలు. భూమి లేనివారికి చెరువు పథకం ఇవ్వడంలో అర్థం లేదు, వాళ్ల దారి వేటహక్కు, ఊరి నీటి మీద సంఘం లీజు. ప్రపంచ పట్టుబడిలో 40 శాతం దాకా చిన్న జాలరులదే అని మర్చిపోవద్దు.

సొంత డబ్బు పెట్టేవారు చెరువు వైపే చూస్తారు. నేనైతే దాని చుట్టూ చూడమంటాను: నర్సరీ, మేత, ఐస్, రవాణా. రైతులు పది మందిలో నలుగురు నష్టపోయిన ఏడాదీ పిల్లలు కొనే ఆరుగురు ఉంటారు. చెరువే కావాలనుకుంటే పట్టణం దగ్గర, తిలాపియాతో, సొంత డబ్బుతో, చిన్నగా.

ఏది ఎంచుకున్నా సంతకం పెట్టే ముందు ఆ నీటి దగ్గరకు ఒకసారి సూర్యోదయానికి ముందు వెళ్లండి. రాత్రంతా పాచి కూడా ఆక్సిజన్ వాడేస్తుంది కాబట్టి నీటిలో అది అన్నిటికన్నా తక్కువగా ఉండే వేళ అదే. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే, పగటి ఎండలో మీకు చూపించిన లెక్కల్ని ఇంకోసారి అడిగి చూడండి.